కచ్చులూరు మందం

2019 సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం. దేవీపట్నం మండలం గండిపోచమ్మ గుడి రేవులో పాపికొండలకు వెళ్లే రాయల్ వశిష్ట లాంచీ సిద్ధంగా ఉంది. అమ్మవారికి దండం పెట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. హైదరాబాదు వాళ్లు, విశాఖ వాళ్లు, తిరుపతి వాళ్లు. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి ఒకే ఊరివాళ్లు పద్నాలుగు మంది కలిసి వచ్చారు. సిబ్బందితో కలుపుకుని మొత్తం 77 మంది.

గోదావరి ఎర్రగా, ఒడ్డులొరుసుకుని పారుతోంది. దగ్గర దగ్గర ఐదు లక్షల క్యూసెక్కుల వరద. అంతకు ముందు నెలలోనే పోలవరం కాఫర్ డ్యామ్ దగ్గర ఎగదన్నిన నీళ్లు దేవీపట్నం ఊళ్లను ముంచెత్తాయి. జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని మెరకకు ఎక్కి, మళ్లీ దిగారు. అయినా విహారయాత్ర ఆగలేదు. సెలవు రోజు, ముందే కట్టిన డబ్బు, ఎంతో దూరం నుంచి వచ్చిన జనం. ఇలాంటప్పుడు రేవులో నిలబడి 'ఇవాళ వద్దు' అనడానికి గట్టి గుండె కావాలి, దాని వెనక ఒక అధికారం కూడా ఉండాలి. ఆ ఉదయం ఆ రెండూ ఒకే మనిషిలో లేవు.

లాంచీ కదిలింది. ఎదురు వరదలో ఇంజను బిగబట్టి లాగుతోంది. పాపికొండల లాంచీల్లో ఎప్పుడూ ఉండే సందడే: పై అంతస్తులో పాటలు, పిల్లల కేరింతలు, ఫోన్లలో ఫొటోలు. మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి భోజనాల వేళయింది. ఎక్కేటప్పుడు వేసుకున్న లైఫ్ జాకెట్లు చాలామంది తీసి పక్కన పెట్టారు. ఒకటే ఉక్క. పైగా అది ఒంటి మీద ఉంటే కూర్చుని ముద్ద కలుపుకోవడానికి అడ్డం. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. 'తియ్యకండి' అని గట్టిగా చెప్పాల్సింది తినేవాళ్లు కాదు.

కచ్చులూరు దగ్గర కొండ నదిలోకి చొచ్చుకొస్తుంది. వచ్చిన నీళ్లు రాతికి కొట్టుకుని వెనక్కి తిరుగుతాయి, అడుగున సుళ్లు లేస్తాయి. లాంచీవాళ్లు ఆ చోటును కచ్చులూరు మందం అంటారు. వేసవిలో అయితే అక్కడ పెద్దగా ఏమీ తెలియదు. వరదలో ఆ చోటు వేరు. ముందు మందం వస్తోంది, లాంచీ కాస్త ఊగుతుంది, భయపడొద్దని మైకులో చెప్పారని బయటపడ్డవాళ్లు తర్వాత చెప్పారు.

లాంచీ ఊగింది. ఊగి, ఒక పక్కకు ఒరిగింది. మనుషులు, కుర్చీలు, అన్నం గిన్నెలు అన్నీ ఒకే పక్కకు జారిపోయాయి. ఆ బరువుకు అది మళ్లీ లేవలేదు. పై అంతస్తులో ఉన్నవాళ్లలో కొందరు నీళ్లలోకి విసిరేసినట్టు పడ్డారు, కొందరు రెయిలింగు పట్టుకుని వేలాడారు. కింద అంతస్తులో ఉన్నవాళ్లకు దారి ఎటో తెలిసేలోపే నీళ్లు తలుపుల్లోంచి వచ్చేశాయి.

ఆ కేకలు మొదట విన్నది కచ్చులూరు గిరిజనులు. ఒడ్డున ఉన్న పడవలు విప్పుకుని ఆ సుళ్లలోకే వెళ్లారు. తమ చిన్న పడవ కూడా తిరగబడొచ్చని వాళ్లకు తెలుసు, అందరికంటే వాళ్లకే బాగా తెలుసు. మునిగి తేలుతున్నవాళ్లను జుట్టు పట్టి, చేతులు పట్టి, చొక్కా కాలరు పట్టి పైకి లాగారు. జాకెట్ ఉన్నవాళ్లు తేలుతూ కనిపించారు గనక అందారు. హెలికాప్టర్లు, ఎన్‌డీఆర్‌ఎఫ్ పడవలు, నేవీ వాళ్లు వచ్చేసరికి బతకాల్సినవాళ్లు ఒడ్డున తడిబట్టలతో వణుకుతూ కూర్చుని ఉన్నారు. 26 మంది. మిగతా 51 మందీ పోయారు. కడిపికొండ పద్నాలుగు మందిలో ఇంటికి చేరింది కొందరే. ఆ తర్వాత కొన్నాళ్లపాటు దిగువన ధవళేశ్వరం దాకా శవాలు తేలుతూనే ఉన్నాయి.

నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఏ రాయి దగ్గర నీళ్లు ఎటు తిప్పుతాయో, ఏ మట్టానికి ఏ ఒడ్డు పట్టుకుని పోవాలో తెలిసిన మనుషులు ఆ కొండల కిందే పుట్టి పెరిగారు. లాంచీ కదలాలా వద్దా అని తేల్చే చోట మాత్రం వాళ్లకు పీట లేదు. ప్రాణాలు తీస్తున్న నదిలోంచి ప్రాణాలు తేవడానికి మాత్రం వాళ్లే కావాల్సి వచ్చింది.

అదే ఏడాది మే 29 రాత్రి ఇలాంటిదే ఒకటి డాన్యూబ్ నదిలో జరిగింది. హంగరీ రాజధాని బుడాపెస్ట్. జోరున వాన, నిండుగా నది. దక్షిణ కొరియా నుంచి వచ్చిన 33 మంది యాత్రికులతో, ఇద్దరు సిబ్బందితో హబ్లెయాన్ అనే చిన్న పడవ, దీపాల వెలుగులో పార్లమెంటు భవనం చూపించి తిరిగొస్తోంది. మార్గరెట్ వంతెన దగ్గర వైకింగ్ సిగిన్ అనే పెద్ద క్రూయిజ్ నౌక వెనక నుంచి వచ్చి తగిలింది. చిన్న పడవ క్షణాల్లో మునిగిపోయింది. బతికింది ఏడుగురు. అక్కడా ఒంటి మీద జాకెట్లు లేవు. చల్లటి నీళ్లు, చీకటి, వరద ఉధృతి. పడవను పైకి తీయడానికి తెచ్చిన భారీ తేలే క్రేన్ కూడా రోజుల తరబడి ఆగాల్సి వచ్చింది, నది మట్టం ఎక్కువై వంతెనల కింద పట్టక. జూన్ 11న పడవ పైకొచ్చింది. పెద్ద నౌక కెప్టెన్‌కు 2023లో కోర్టు అయిదున్నరేళ్ల జైలు శిక్ష వేసింది.

కచ్చులూరులో అలాంటి క్రేన్ తేవడానికి దారే లేదు. లాంచీ రెండు వందల అడుగులకు పైగా లోతులో, ఇసుకలో కూరుకుపోయి ఉంది. సోనార్‌తో వెతికారు, గజ ఈతగాళ్లు వచ్చారు. పైన సుడి, కింద చీకటి, ఎవరూ అడుగు దాకా పోలేకపోయారు. లోపల ఇంకా శవాలున్నాయని అందరికీ తెలుసు. ఒడ్డున ఎదురుచూసేవాళ్లు అడిగింది ఒక్కటే: కనీసం మా మనిషిని మాకు చూపించండి.

అప్పుడు వచ్చాడు కాకినాడ నుంచి ధర్మాడి సత్యం. సముద్రంలో, నదుల్లో మునిగినవి తీయడం అతని పని. ప్రభుత్వం 22 లక్షల 70 వేలకు పని ఒప్పజెప్పింది. సెప్టెంబరు ఆఖర్లో తన మనుషులతో, ఇనుప రోపులతో, లంగర్లతో దిగాడు. పొక్లెయిన్‌ను పంటు మీద ఎక్కించి తెచ్చారు.

పద్ధతి చెబితే చాలా మామూలుగా ఉంటుంది. లాంచీ ఉందనుకున్న చోటు చుట్టూ వేల అడుగుల ఇనుప రోపును నీళ్లలో వదలాలి. రెండు కొసలూ ఒడ్డుకు తెచ్చి, ఉచ్చు బిగించినట్టు నెమ్మదిగా పొక్లెయిన్‌తో లాగాలి. రోపు దేనికో తగిలి బిగుసుకుంటే అది లాంచీ కావచ్చు, కొండరాయీ కావచ్చు. చేతికి తెలిసే అదురును బట్టి తేల్చుకోవాలి. మొదటిసారి రోపు బిగిసింది. ఒడ్డున అందరూ లేచి నిలబడ్డారు. లాగుతుంటే పుటుక్కున తెగింది. అంత రోపూ గోదావరి పాలైంది. మళ్లీ వేశారు. లంగరు జారింది. ఈలోగా వానలు, మళ్లీ వరద. పని ఆపి ఎదురుచూడక తప్పలేదు.

ఆ రోజుల్లో టీవీలో అతన్ని రోజూ చూశాం. ఎండలో నల్లబడిన మనిషి, అడిగిన ప్రతివాడికీ ఓపిగ్గా ఒకే మాట: నీళ్లు తగ్గితే తీస్తాను. మధ్యలో వెక్కిరించినవాళ్లూ ఉన్నారు, ఇది అయ్యే పని కాదన్నవాళ్లూ ఉన్నారు. అతను నది మట్టాన్ని చూసుకుంటూ కూర్చున్నాడు. వరదతో పోట్లాడకుండా ఆగడమే ఆ పనిలో సగం విద్య. విహారయాత్ర నడిపేవాళ్లకు కూడా అదే విద్య కావాలి.

అక్టోబరు మూడో వారంలో మట్టం తగ్గింది. మళ్లీ రోపులు దిగాయి. ముందు రెయిలింగు ఊడి వచ్చింది. విశాఖ నుంచి డైవర్లు వచ్చి లోపలికి దిగి రోపులు కట్టారు. పైకప్పు ముక్కలు వచ్చాయి. 22వ తేదీ మధ్యాహ్నం లాంచీ శిథిలం బురద కారుతూ నీటి పైకి తేలింది. ప్రమాదం జరిగిన 38వ రోజు. లోపల చిక్కుకున్న శవాల్ని బయటికి తీశారు. గుర్తుపట్టే ఆకారాలు కావవి. బట్టలు, జేబుల్లో కార్డులు చూసి ఇంటివాళ్లు పోల్చుకున్నారు. ఇంకో అయిదు రోజుల్లో దీపావళి.

మా రాజుపాలెం నుంచి చూస్తే గోదావరి చాలా దూరం. పల్నాట్లో మాకు తెలిసిన నది సాగర్ కుడికాలువలో మిరప చేలకు వచ్చే కృష్ణమ్మే. కార్తీకం వచ్చిందంటే మాత్రం మా కొండమోడు సెంటర్లో తెల్లారుజామునే టెంపోలు బయల్దేరతాయి. కోటప్పకొండ, అమరావతి, మాచర్ల మీదుగా సాగర్, అక్కణ్నుంచి లాంచీలో నాగార్జునకొండ. కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు పాపికొండలు. వానలు వెనకపట్టి, వరద తీసి, చలిగాలి మొదలయ్యే ఆ నెలే నదిలో తిరగడానికి మంచి కాలం.

కాలం మంచిదైనా నమ్మకం లేదని విజయవాడ దగ్గరి ఫెర్రీ రేవులో చూశాం. 2017 నవంబరు 12, కార్తీకంలో ఆఖరి సోమవారానికి ముందురోజు. ఒంగోలు నుంచి వచ్చిన నడక మిత్రులు, వాళ్ల కుటుంబాలు కృష్ణలో పవిత్ర సంగమం హారతి చూద్దామని ఓ ప్రైవేటు పడవ ఎక్కారు. ఆ పడవకు అనుమతి లేదు. పట్టేదానికంటే ఎక్కువమంది ఎక్కారు, జాకెట్లు లేవు. ఒడ్డు కనిపిస్తుండగానే తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. అక్కడా ముందు నీళ్లలో దూకింది జాలర్లే.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టాలని తలపెట్టింది. గోదావరి మీద గండిపోచమ్మ, పేరంటాలపల్లి లాంటి చోట్లతో పాటు మన నాగార్జునసాగర్ కూడా ఆ జాబితాలో ఉంది. ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క, నీటి మట్టం ఎంతో చూసి పంపాలా ఆపాలా అన్న నిర్ణయం వాళ్ల చేతిలో ఉండాలని. 2021 నవంబరులో పాపికొండల లాంచీలు మళ్లీ కదిలాయి.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. కచ్చులూరుకు ముందు ఓ కార్తీకంలో పాపికొండలు చూసొచ్చింది. మందం దగ్గర లాంచీ ఊగితే గోవింద కొట్టామని చెబుతుంటుంది. కొడుకు జర్మనీలో ఉద్యోగం. నవంబరులో అమ్మానాన్నలను రప్పించి డాన్యూబ్ మీద క్రూయిజ్ ఎక్కించాలని అతని కోరిక. పస్సావులో ఎక్కి, వియన్నా మీదుగా బుడాపెస్ట్ దాకా. వీడియో కాల్‌లో తల్లికి చెబుతుంటే నేనూ అక్కడే ఉన్నాను.

"చలి బాగా ఉంటదమ్మా. స్వెట్టర్ చాలదు, కోటు నేను కొంటా. గది వెచ్చగానే ఉంటదిలే, పైన డెక్ మీదే గాలి."

"చలి సంగతి సరే నాయనా. నీళ్లెట్టా ఉంటయ్యి ఆ నెల్లో?"

కొడుకు వివరంగానే చెప్పాడు. ఆ నౌకలు 135 మీటర్ల పొడవుంటాయని, లాకుల్లో పట్టాలి గనక వెడల్పు మాత్రం పన్నెండు మీటర్ల లోపేనని. నది పెరిగితే వంతెనల కింద దూరవు, తగ్గితే అడుగు తగులుతుంది. అందుకని రోజూ మట్టం చూసుకుంటూ పోతారు, కుదరకపోతే నౌకను ఆపి జనాన్ని బస్సుల్లో తరువాతి ఊరికి చేరుస్తారు. దానికి కొందరు డబ్బు దండగైందని గొడవపడతారట.

"గొడవెందుకు? ఆపినోడికి దండం పెట్టాల" అంది పెద్దమ్మ. ఆ తర్వాత అడిగింది, "జాకెట్లిస్తారా?"

"ప్రతి గదిలోనూ ఉంటయ్యమ్మా. మొదటిరోజే అందర్నీ నిలబెట్టి ఎట్టా వేసుకోవాలో చూపిస్తారు."

"గదిలో ఉంటే ఏం లాభంరా? అన్నం తినే చోటు ఎక్కడ?"

"అది వేరే హాల్లో."

"అయితే నాదీ మీ నాన్నదీ అక్కడికి తెచ్చుకుంటాం. ఎవరన్నా నవ్వితే నవ్వనీ. ముందే వాళ్లనడిగి నాకు చెప్పు, ఒప్పుకుంటేనే టిక్కెట్టు తియ్యి."