నీలాంబర బాలుడు – ఇరువురు చిత్రకారులు

మబ్బులు క్రమ్మిన ఆకాశము క్రింద, గోధుమవన్నె దిరిగిన పొలిమేర ముందు, నీలిపట్టు దుస్తులు ధరించి, ఒక చేత తెల్లని ఈకగల టోపీని వ్రేలాడదీసి, వేరొక చేతిని నడుమున ఆనించి, చూపరుల వంక జంకుగొంకులు లేక చూచుచున్న కిశోరుని నిలువెత్తు తైలవర్ణచిత్రమొకటి కాలిఫోర్నియాలోని శాన్ మెరీనో నగరమున, హంటింగ్టన్ చిత్రశాలయందు కలదు. లోకమున ‘బ్లూ బాయ్’ అని పేరుపొందిన ఆ పటమును రచించినవాడు ఇంగ్లండు దేశీయుడగు థామస్ గెయిన్స్‌బరో. 1770లో లండనులోని రాయల్ అకాడమీ ప్రదర్శనకు వచ్చిననాడు దానికి ఇంత ఖ్యాతి లేదు; ‘ఒక యువ పెద్దమనిషి రూపచిత్రము’ అను సాదా పేరుతోనే అది గోడకెక్కినది.

ఈ చిత్రము పుట్టుకను గూర్చి చిరకాలముగ ఒక కథ వాడుకలో నున్నది. అకాడమీకి ప్రథమాధ్యక్షుడై, చిత్రకళా విద్యార్థులకు ఉపన్యాసములొసగుచుండిన సర్ జాషువా రెనాల్డ్స్, చిత్రమున వెలుగుపడు ప్రధానభాగములు ఎరుపు, పసుపు, పసుపుడాలు తెలుపు వంటి వెచ్చని వన్నెలతోనే యుండవలెననియు, నీలము, బూడిదవన్నె, ఆకుపచ్చలను వానికి ఊతగ మాత్రమే వాడవలెననియు నియమము చేసెననియు, అది విన్న గెయిన్స్‌బరో పంతము పట్టి, నట్టనడుమ నీలమును నిలిపి, చుట్టును వెచ్చని వన్నెలను పరచి, ఆ నియమమును కుంచెతోనే ఖండించెననియు ఆ కథ. ముచ్చటగానే యున్నది గాని తేదీలు దీనికి అడ్డుపడుచున్నవి. రెనాల్డ్స్ ఆ మాటలనిన ఎనిమిదవ ఉపన్యాసము 1778 డిసెంబరు 10వ తేదీ నాటిది. పటమో, అంతకు ఎనిమిదేండ్లకు మునుపే ప్రదర్శితమైనది. ప్రశ్న పుట్టకముందే ప్రత్యుత్తరము పుట్టుట యెట్లు?

ఐనను ఈ కథ ఇంతకాలము నిలుచుటకు కారణము లేకపోలేదు. రెనాల్డ్స్ 1723లో డెవన్ మండలమున బడిపంతులు కుమారుడై జన్మించి, ఇటలీకి పోయి మైకెలాంజెలో, రఫాయేలుల కృతులను ఉపాసించి, మరలివచ్చి, డాక్టర్ జాన్సన్ వంటి విద్వాంసుల గోష్ఠిలో మెలగుచు, కులీనస్త్రీలను పురాణదేవతల భంగిమలలో నిలిపి చిత్రించిన పండితుడు. గెయిన్స్‌బరో 1727లో సఫోక్ మండలపు సడ్‌బరీయందు బట్టల వ్యాపారుల ఇంట పుట్టి, ఇటలీ మొగము చూడక, చెట్టుచేమలను వ్రాయుటయందును సంగీతమునందును మనసు నిలిపి, పొట్టకూటికై ధనికుల రూపములు వ్రాయవలసివచ్చెగదా యని జీవితమంతయు విసుగుకొనినవాడు. ఇట్టి ఇరువురు ఒకే నగరమున, ఒకే వృత్తిలో, ఒకే రాజు కటాక్షమునకై నిలిచినపుడు, వారి నడుమ కలహము లేకున్నను లోకము కల్పించుకొనక మానదు.

పటమును చూచినచో మాత్రము గెయిన్స్‌బరో కన్ను మరియొకని మీద నున్నట్లు తేటపడును. బాలుడు ధరించిన జరీపట్టీల చొక్కా, జల్లికాలరు, మోకాలి క్రింది ముడులు 1770 నాటి వేషము గావు. అవి అంతకు నూటముప్పది యేండ్ల క్రితము, చార్లెస్ రాజు ఆస్థానమున ఫ్లెమిష్ చిత్రకారుడు ఆంథొనీ వాన్ డైక్ చిత్రించిన ప్రభుకుమారుల వేషములు. 1641లోనే గతించిన ఆ మహాచిత్రకారుని కృతులను గెయిన్స్‌బరో ప్రభువుల మేడలలో దీక్షతో పరిశీలించియుండెను. పైగా, ఎక్స్-రే పరీక్షలో ఈ పటము అడుగున ఒక పెద్దవయసువాని తల బయటపడినది. పిమ్మటి పరీక్షలో బాలుని కాళ్ల దాపున తెల్లని కుక్కయొకటి అగపడినది. దానిని రాళ్లగుట్టతో కప్పివైచినాడు. ఒకప్పుడు మొదలిడి విడిచిన కాన్వాసును తిరిగి వాడుకొనుటను బట్టి, ఈ చిత్రము ఎవరో సొమ్మిచ్చి వ్రాయించుకొనినది గాక, వాన్ డైక్ సరసన నిలువగలనా యని తన్ను తాను పరీక్షించుకొనుటకు వ్రాసినదని తలచుటకు వీలున్నది. బాలుడు సోహోలోని ఇనుపసామాను వర్తకుని కుమారుడు జొనాథన్ బటల్ అని సంప్రదాయము. చిత్రకారుని మేనల్లుడు గెయిన్స్‌బరో డూపాంట్ అని ఇటీవలి పరిశోధకుల ఊహ.

1796లో ఆ పటమును కలిగియుండిన బటల్ దివాలా తీయగా అది చేతులు మారి గ్రోవనర్ ప్రభువుల ఇల్లు చేరి, 1921లో ఏడు లక్షల డాలర్లకు పైబడిన వెలకు అమెరికా ధనికుడు హెన్రీ హంటింగ్టన్ వశమైనది. సముద్రము దాటకముందు, 1922 జనవరిలో, లండను నేషనల్ గ్యాలరీయందు మూడువారములు దానిని ప్రదర్శింపగా తొంబదివేలమంది చూడవచ్చిరి. గ్యాలరీ అధికారి చార్లెస్ హోమ్స్ పటము వెనుక ‘మరల కలియుదము’ అని ఫ్రెంచి భాషలో వ్రాసెను. సరిగ నూరేండ్లకు, 2022 జనవరిలో, కొన్ని నెలలపాటు అది అచటికే మరలివచ్చినది.

చిత్రకారుల కథకు వత్తము. 1782లో గెయిన్స్‌బరో ‘పందిపిల్లలతో బాలిక’ అను చిత్రమునకు అరువది గినీలు వెలయడుగగా, రెనాల్డ్స్ నూరు గినీలిచ్చి కొనెను. 1784లో, రాజకుమార్తెల చిత్రమును తాను కోరిన ఎత్తున తగిలింపలేదను కోపముతో గెయిన్స్‌బరో అకాడమీనుండి తన పటములనన్నిటిని తెప్పించుకొని, మరి యెన్నడును అచట ప్రదర్శింపలేదు. ఆ యేడే ఆస్థాన చిత్రకారుని పదవి ఖాళీకాగా, రాజునకు గెయిన్స్‌బరోయందే మక్కువ యున్నను, అది రెనాల్డ్స్‌నకు దక్కెను. నాలుగేండ్లకు, మరణశయ్యనుండి గెయిన్స్‌బరో తనను చూడవలసినదని రెనాల్డ్స్‌నకు లేఖ పంపెను. రెనాల్డ్స్ వెళ్లి చూచెను; 1788 ఆగస్టు 2న గెయిన్స్‌బరో మరణింపగా, క్యూ గ్రామమునకు సాగిన అంత్యయాత్రయందు శవవాహకులలో ఒకడయ్యెను.

ఆ డిసెంబరులో తన పదునాలుగవ ఉపన్యాసమును రెనాల్డ్స్ గతించిన ప్రత్యర్థికే అంకితము చేసినాడు. తమ నడుమ చిన్నపాటి అసూయలేవైన నున్నచో అవి ఆ కడపటి సమాగమమున సమసెనని చెప్పి, అంతటితో నూరకుండక, గెయిన్స్‌బరో పనితనమును విప్పి చూపినాడు. దగ్గరగ చూచినచో ఆ పటములయందు అర్థముగాని గీతలును మరకలును కానవచ్చుననియు, కొంత దూరము జరిగినచో అవియే ఏదో ఇంద్రజాలముచేత తమతమ తావులలో సర్దుకొని రూపము దాల్చుననియు, ఆ అస్పష్టతయే పోలికకు తోడ్పడుననియు, ఏలయన విడిచిన దానిని చూపరి ఊహయే పూరించుకొనుననియు ఆయన వివరించెను. నీలిపట్టు మీద వాలుగ, వంకరగ పరుగెత్తిన కుంచెజాడలు నాలుగడుగుల వెనుకకు జరుగగనే మెరయు మడతలగుటను చూచినవారికి ఈ మాటల విలువ తెలియును. నీలమును గూర్చి రెనాల్డ్స్ చేసిన నియమమును నేడెవరును పాటింపరు. ఆ నీలమును ఎట్లు చూడవలెనో చెప్పిన ఆయన మాటను మించిన మాట మాత్రము నేటికిని లేదు.