రంజకము, మందు, సిపాయి

మన పల్లెలలో నాటుతుపాకి నెరిగినవారికి మందు దట్టించుట యనగా నేమో చెప్పనక్కరలేదు. గొట్టము మూతినుండి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో గట్టిగా కూరవలెను. గొట్టము మొదట సన్నని రంధ్ర మొకటి యుండును. దానిచెంత వెలుపల నుంచిన కొలది మందే రంజకము. రంజకమున కంటుకొనిన నిప్పు రంధ్రముగుండ లోనికి పారి, లోని మందును మండించి గుండును వెడలించును. కావున ఇట్టి తుపాకి చరిత్ర ప్రధానముగా రెండు ప్రశ్నల చరిత్ర. నిప్పు ఎట్లు అంటించవలెను? మందు ఎంత పోయవలెను? రెండింటికిని సమాధానము పరీక్షలవలననే లభించినది. ఆ పరీక్షల ఫలము తుపాకి మోసిన సిపాయికి సకాలమున దక్కినదా అనునది మూడవ ప్రశ్న. మనవారి కథ ఈ మూడవ ప్రశ్నలో నున్నది.

బమ్రోలి వంటి శివారులలో మరమగ్గములు మ్రోగుచుండు సూరతు నగరము నేడు ఎన్నో తెలుగు నేత కుటుంబములకు జీవనాధారము. ఆ నగరపు కోటను 1573లో అక్బరు ముట్టడించి గైకొనెను. ఆ పాదుషాకు తుపాకులయందుగల మక్కువను అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వర్ణించినాడు. ఇనుపరేకును ఏటవాలుగా చుట్టి, కాచి, గొట్టము చేయు పద్ధతి అందు కలదు. అట్లు చేసిన గొట్టమున మూడవవంతు మందు నింపి కాల్చి చూచెడివారట. పూర్వము నాలుగవవంతుకు మించి నింప వీలులేకుండెననియు, క్రొత్త గొట్టములు మూతివరకు నింపి కాల్చినను పగులవనియు అతని మాట. ప్రభుస్తుతిలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. అయినను పరీక్షింపని ఆయుధమును అంగీకరింపరాదను బుద్ధి అచ్చట స్పష్టముగా కనబడుచున్నది.

మందు కొలతకు గణితము జోడించినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయుడు. బరువైన దిమ్మెను లోలకముగా వ్రేలాడగట్టి, దానిపై గుండు పేల్చి, అది ఊగిన దూరమునుబట్టి గుండు వేగమును లెక్కించు విధానమును 1742లో అతడు ప్రకటించెను. మందు ఇబ్బడి చేసినంతమాత్రమున వేగము ఇబ్బడి కాదని ఇట్టి ప్రయోగములవలన తేలినది. తరువాత అతడు కుంఫిణీ కొలువునకు వచ్చి, 1751లో కడలూరు చెంతగల సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను.

నిప్పు సంగతి ఇంతకంటె చిక్కైనది. మండుచున్న వత్తి పోయి చెకుముకిరాయి వచ్చినను, రంజకము వానకు తడియుట మానలేదు. 1807లో ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బ తగిలిన మాత్రమున మండు రసాయనమును రంజకమునకు మారుగా ఉపయోగించు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ రసాయనమును చిన్న రాగిటోపీలో నుంచు పద్ధతి పిదప వచ్చినది. 1834లో ఊలిచ్‌లో చెకుముకి తుపాకులు ఆరు, టోపీ తుపాకులు ఆరు తీసికొని, ఎండలోను వానలోను ఒక్కొక్క రకమున 6,000 పర్యాయములు కాల్చి చూచిరి. చెకుముకి 922 మారులు విఫలమైనది. టోపీ 36 మారులు మాత్రమే. ఇక సంశయమునకు తావులేదు.

అయినను ఏడేండ్ల తరువాత, నల్లమందు యుద్ధమునకు చీనా వెళ్లిన మదరాసు సిపాయిల చేతిలో చెకుముకి తుపాకులే యుండెను. నాటి మదరాసు సైన్యమున తెలుగువారును పెద్దసంఖ్యలో చేరి యుండిరి. 1841 మే 30న కాంటను నగరమునకు ఉత్తరమున, 37వ మదరాసు పటాలమునకు చెందిన దళ మొకటి జడివానలో తక్కిన సేననుండి విడివడినది. ఈటెలు పట్టిన గ్రామస్థులు వేలకొలది చుట్టుముట్టిరి. రంజకము తడిసి తుపాకులు మూగపోయినవి. సిపాయిలు చతురస్రముగా నిలిచి, బాయినెట్లతో ప్రాణములు కాచుకొనిరి. చీకటి పడిన పిదప వారిని రక్షింప వచ్చిన నావికసైనికులవి టోపీ తుపాకులు. అవి అదే వానలో పేలినవి. ఊలిచ్‌లో అంకెలుగా తేలిన సత్యమును మనవారు శరీరములతో తెలిసికొనవలసి వచ్చినది.

ఎన్‌ఫీల్డు రైఫిలు కథ దీనికంటె విషాదకరము. గొట్టములోని మెలికగాళ్లకు సరిపడునట్లు గుండును, మందును కొవ్వు పూసిన కాగితపు తూటాలో చుట్టిరి. దానిని పంటితో కొరికి మందు పోయవలెను. ఆ కొవ్వు ఈ దేశపు వేడికి నిలుచునో లేదో చూచుటకై 1853లో తూటాలను ఇచ్చటికి పంపి, సిపాయిల సంచులలో నుంచి పరీక్షించిరి. కులాచారమునకు విరుద్ధమైన కొవ్వు కూడదని వంగసైన్యపు అధికారి టక్కరు ఆ సంవత్సరమే హెచ్చరించెను. ఆ మాట చెవికెక్కలేదు. 1857 ఆరంభమున ఆవుకొవ్వు, పందికొవ్వు అను వదంతి ప్రాకిన తరువాత, చేతితో చింపవచ్చునని అనుమతించినను అనుమానము తీరలేదు. ఆనాటి తిరుగుబాటునకు కారణములు పెక్కు; నిప్పురవ్వ మాత్రము ఈ తూటాయే.

కొవ్వును పరీక్షించినవారు, దానిని నోట పెట్టుకొనవలసినవానిని అడుగలేదు. యుద్ధకథలు వ్రాయువారును, అనువదించువారును తుపాకి ప్రేలెనని ఒక్క మాటలో దాటిపోక, అది ఏ తుపాకి, ఎట్లు నింపినది, వాన కురియుచుండెనా అని విచారించుట మంచిది. ఆ వివరములలోనే సిపాయి బ్రదుకు ఇమిడియున్నది.