చూలింత, బాలింత, ఎలుక

కడుపుతో ఉన్నావిడ చూలింత, బిడ్డకి పాలిస్తున్నావిడ బాలింత. మన భాషలో రెండూ వేరువేరు మాటలు, మన ఇళ్లలో రెండూ వేరువేరు పథ్యాలు. మందుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితంలో కూడా ఈ ఇద్దరి గురించి విడివిడిగానే రాస్తారు. ఆ రెండు ముక్కల వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో మన తెలుగాయన ఒకరున్నారు, లెక్కలేనన్ని ఎలుకలున్నాయి.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. అక్కడి పేద చూలింతలకి ఒంట్లో రక్తం ఎందుకు తగ్గిపోతోందో కనుక్కోవాలని. ఆ ఆడవాళ్లు తినే తిండే కూనూరులో పెంచిన ఎలుకలకి పెట్టి చూశారు. చూలు ఎలుకలు ఈనకముందే చచ్చిపోయాయి. తిండిలో ఈస్ట్ కలిపితే రక్తహీనత రాలేదు. చౌకగా దొరికే ఈస్ట్ సారంతో తల్లులకీ నయమవుతుందని 1931లో ఆవిడ ప్రకటించారు. ఈస్ట్‌లో ఉన్న ఆ గుణమేమిటో అప్పటికి తెలీదు.

అది ఫోలిక్ యాసిడ్. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేశారు. అక్కడి పరిశోధనలకి పెద్ద భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇవాళ ఆశా కార్యకర్త చూలింతలకిచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే.

అదే చోట అమినోప్టెరిన్ కూడా పుట్టింది. ఫోలిక్ యాసిడ్ పోలికే, కానీ దాని పనిని చెడగొడుతుంది. పిల్లల రక్త క్యాన్సర్‌ని కొన్నాళ్లపాటైనా తగ్గించిన మొదటి మందు అది. 1950లో దాన్ని చూలు ఎలుకలకి ఇస్తే కడుపులోని పిండాలు కరిగిపోయాయి. తర్వాత గర్భం తీసెయ్యడానికని ఆడవాళ్లకి ఇచ్చారు. గర్భం పోని కొందరికి అవకరాలతో బిడ్డలు పుట్టారు. దాని చెల్లెలిలాంటి మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ కీళ్లవాతానికి వారానికోసారి వాడుతున్నారు. చూలింతా బాలింతా ఇద్దరూ వేసుకోకూడని మాత్ర అది. ఒక ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్లలాంటి మందుల్లో ఒకటి కడుపు నిలబెట్టేది, ఒకటి కడుపు తీసేది!

అలాగని ఎలుక మాటే వేదం కాదు. థాలిడోమైడ్ 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చింది. వేవిళ్లకి కూడా వాడారు. 1961 నవంబరులో అక్కడ ఆపేశారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ప్రపంచం మొత్తం మీద పదివేలకి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. తర్వాత పరీక్షిస్తే ఎలుకల్లో ఆ అవకరాలు దాదాపు కనబడలేదు, కుందేళ్లలో కనబడ్డాయి. అందుకే ఇప్పుడు ఎలుకతో పాటు మామూలుగా కుందేలు మీదా పరీక్షిస్తారు.

1966లో అమెరికా మందుల శాఖ ఈ పరీక్షని మూడు భాగాలు చేసింది. చూలు నిలవక ముందు నుంచి ఒకటి. పిండానికి అవయవాలు ఏర్పడే రోజుల్లో ఒకటి. నెలలు నిండేటప్పటి నుంచి పాలు మానేదాకా ఒకటి. ఎలుక మోసేది మూడు వారాలు, పాలిచ్చేది ఇంకో మూడు వారాలు. ఈ చివరి భాగంలో మందు ఇచ్చేది తల్లికి, కనిపెట్టి చూసేది పిల్లల్ని. బరువు పెరుగుతున్నాయా, కళ్లు ఎప్పుడు తెరిచాయి, నేర్చుకోగలుగుతున్నాయా, పెద్దయ్యాక వాటికి పిల్లలు పుడుతున్నాయా అని. తల్లి తిన్నది పాలలోకి వస్తుందని మన పెద్దవాళ్లు ఎప్పుడూ నమ్మిందే. ఇక్కడ దాన్ని లెక్కకట్టి చూస్తారు.

మా పెందుర్తికి దగ్గర్లోనే పరవాడ ఫార్మా సిటీ. మందులు తయారయ్యే చోటికి ఇంత దగ్గరగా ఉన్నా, కడుపుతో ఉన్న కోడలికి తలనొప్పి వస్తే షాపులో ఏదో ఒక మాత్ర అడిగి తెచ్చేసే ఇళ్లున్నాయి. బాలింతకి మందంటేనే భయపడి, డాక్టరు రాసింది కూడా మానిపించే అత్తగార్లూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. ఎలుకలో హాని కనబడలేదంటే మనకి భద్రమని కాదు, కనబడిందంటే మనకీ తప్పకుండా అవుతుందనీ కాదు. జబ్బు ముదిరితే వచ్చే నష్టమూ ఉంటుంది. అదంతా తూచి చెప్పాల్సింది డాక్టరే. ఆయన అడిగేదాకా ఆగకుండా మనం ముందే చెప్పాల్సింది ఒక్కటే: ఎన్నో నెల, లేదా పాపకి ఎన్ని నెలలు.