వారు, ఒర, బెల్టు: తెలుగునాట ఇంటి వృత్తిగా తోలుపని – చారిత్రక పరిశీలన

తెలుగులో కత్తి తొడుగుకు ‘ఒర’ అనే సొంత మాట ఉంది. తోలును సన్నగా, పొడవుగా కోసిన పట్టీకి ‘వారు’ అనే మాట ఉంది. అదే పట్టీని నడుముకు చుట్టి బకిలు బిగిస్తే దాన్ని ‘బెల్టు’ అంటాం. పిస్తోలును అమర్చుకొనే తోలు తొడుగును చెప్పవలసివచ్చినప్పుడు కత్తి ఒరను అరువు తెచ్చుకొని ‘పిస్తోలు ఒర’ అనో, ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాసో సరిపెట్టుకొంటాం. పట్టీని కోయడం, తొడుగును కుట్టడం తెలిసిన చేతులు తెలుగు ఊళ్లలో తరతరాలుగా ఉన్నాయి. ఆ పనితనంతోనే తయారయ్యే ఈ రెండు వస్తువులు మాత్రం పరాయి పేర్లతో ఎందుకు వచ్చాయి? ఈ ప్రశ్నను ఆధారంగా చేసుకొని, తెలుగునాట తోలుపని ఇంటి వృత్తిగా సాగిన తీరును, అది ఇంటినుంచి విడిపోయిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల సాక్ష్యం

‘తోలు’, ‘వారు’, ‘ఒర’ అనే మూడు పదాలూ ద్రావిడ భాషల ఉమ్మడి సంపద. తమిళంలో ‘వార్’, కన్నడంలో ‘బారు’ తెలుగు ‘వారు’కు సోదర పదాలు. తమిళ ‘ఉఱై’, కన్నడ ‘ఒరె’ తెలుగు ‘ఒర’కు సోదర పదాలు. తెలుగులో దీని పాత రూపం ‘ఒఱ’. ఇంత పాత మాటలున్నాయంటే, ఆ వస్తువులను తయారుచేసే పని కూడా అంతే పాతదని భావించవచ్చు. ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అనే సామెత ఈనాటికీ వాడుకలో ఉంది. కత్తి కొలతకు సరిగ్గా సరిపోయేలా కుట్టిన తొడుగును చూసినవారే ఆ సామెతను పుట్టించగలరు.

‘వారు’ వ్యవసాయ జీవనంలో అనేక చోట్ల కనిపిస్తుంది. చెప్పుకు వారు, డప్పుకు వారు, జీనుకు వారు, చర్నాకోలకు వారు కావాలి. నడుము విషయానికి వస్తే పరిస్థితి వేరు. తెలుగువారి నడుముకు గుడ్డతో చుట్టిన ‘దట్టి’, నూలుతో పేనిన ‘మొలతాడు’, బంగారంతోనో వెండితోనో చేసిన ‘వడ్డాణం’ ఉన్నాయి. ఈ పదాల్లో గుడ్డ, నూలు, లోహం కనిపిస్తాయి కాని తోలు కనిపించదు. గీత కార్మికుడు గీత కత్తులను అమర్చుకొని నడుముకు కట్టుకొనే ‘ముస్తాదు’ను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పనిముట్టును నడుముకు అంటిపెట్టుకొని, రెండు చేతులనూ పనికి వదిలే సాధనం అది. ప్రయోజనాన్ని బట్టి చూస్తే బెల్టుకూ పిస్తోలు ఒరకూ దగ్గరి దేశీయ వస్తువు అదే. అయితే అది శ్రామికుడి సరంజామా. హోదాకు గుర్తు కాదు.

ఈ పదాలను నమోదుచేసిన నిఘంటువులకు కూడా ఒక దృష్టికోణం ఉంది. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు వ్యవహార భాషకు చోటిచ్చింది. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరానికి కావ్యప్రయోగాలు ప్రధాన ఆధారం. కావ్యంలో ఒర వీరుడి మొలలో ఉంటుంది, కుట్టేవాడి చేతిలో ఉండదు. అందువల్ల ఈ పదాలకు మనకు అందిన అర్థం ప్రధానంగా వాడుకొనేవారి వైపునుంచి వచ్చింది.

లందలో పని

తయారుచేసేవారి వైపునుంచి చూస్తే ఒర కథ కత్తి దగ్గర కాక లంద దగ్గర మొదలవుతుంది. తోళ్లను నానబెట్టే గుంతకు, తొట్టికి ‘లంద’ అని పేరు. చనిపోయిన పశువు తోలును ఒలిచి, కడిగి, సున్నపు నీటిలో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి. వాటిని గీకివేసి, లోపలివైపు అంటుకొన్న మాంసపు పొరను రంపెతో తీసివేస్తారు. తరువాత తంగేడు చెక్క నానిన నీటిలో వారాల తరబడి ఊరబెడతారు. తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే వగరు పదార్థం తోలులోని పోగులతో కలిసి, కుళ్లిపోయే చర్మాన్ని నిలిచే తోలుగా మారుస్తుంది. చెక్క సేకరణ, నీళ్లు మోయడం, గీకడం, ఆరబెట్టడం ఒక్కరివల్ల అయ్యే పనులు కావు. స్త్రీలు, పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ చేయవలసినవి. ఈ అర్థంలో తోలుపని అక్షరాలా ఇంటి వృత్తి.

ఈ దశలన్నింటికీ కేంద్రమైన మాట ‘పదును’. నేల దున్నడానికి అనువైన తడిలో ఉంటే ‘పదునులో ఉంది’ అంటాం. కత్తి తెగడానికి అనువుగా ఉంటే ‘పదునుగా ఉంది’ అంటాం. తోలును శుద్ధిచేయడాన్ని ‘పదునుచేయడం’ అంటాం. మూడు చోట్లా ఉన్నది పనికి తగిన స్థితి అనే భావమే. ఒర తయారీలో ఈ భావం స్పష్టంగా తెలుస్తుంది. చెక్కతో పదునుచేసిన తోలును తడిపి, మెత్తబడిన తరువాత వస్తువు చుట్టూ అదిమి ఆరనిస్తే, ఆ వస్తువు ఆకారాన్నే పట్టుకొని గట్టిపడుతుంది. తడి ఎక్కువైతే కుట్టు సాగుతుంది, తక్కువైతే ఆకారం పట్టదు. వారుకు మరో నియమం ఉంది. పశువు వెన్నువైపు తోలు దట్టంగా, బిగువుగా ఉంటుంది, పొట్టవైపుది సాగుతుంది. బరువును మోయవలసిన వారును వెన్నుభాగంనుంచే కోయాలి. పొడవైన సన్నని వారు కావలసివస్తే, గుండ్రటి తోలు ముక్కను అంచునుంచి మధ్యకు చుట్టుగా కోసుకొంటూ పోవాలి. ఆరె, రంపె, గూటం, ఒక బండ – ఇంతకు మించి పనిముట్లు లేని ఇంట్లో ఈ జ్ఞానమంతా చేతినుంచి చేతికి అందింది.

మేర – వెట్టి

ఈ జ్ఞానానికి ఊరు ఇచ్చిన ప్రతిఫలం ఏమిటి? 1909లో వెలువడిన థర్‌స్టన్, రంగాచారిల ఏడు సంపుటాల గ్రంథంతోపాటు వలసకాలపు రచనలు అనేకం మాదిగల గ్రామ విధులను నమోదుచేశాయి. చచ్చిన పశువును తీసుకుపోవడం, రైతుకు చెప్పులు, మోట తొండం, వార్లు సమకూర్చడం, డప్పు కొట్టడం వారి విధులు. ప్రతిగా పంటకాలంలో కళ్లంలో ధాన్యం ‘మేర’గా అందేది. పైకి ఇది పరస్పర సహకారంగా కనిపిస్తుంది. కాని పనిని ఎంచుకొనే స్వేచ్ఛ, మానే స్వేచ్ఛ, ధర నిర్ణయించే స్వేచ్ఛ తయారీదారుకు లేవు. హైదరాబాదు సంస్థానంలో ఈ అసమానత మరింత తీవ్రంగా ఉండేది. ఇతర రైతులనుంచి ధాన్యమో మరొకటో ముట్టినా, భూస్వాములకు మాత్రం చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామగ్రి ఉచితంగా ఇవ్వవలసివచ్చేదని తెలంగాణ పోరాటంపై 1972లో వెలువడిన గ్రంథంలో పుచ్చలపల్లి సుందరయ్య నమోదుచేశారు. పనిచేసే స్థలం ఇల్లే అయినా, పనిమీద అధికారం ఇంటివారిది కాదు.

ఇల్లు వదిలిన లంద

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మద్రాసు రాష్ట్రంనుంచి తంగేడు చెక్కతో పదునుచేసిన తోళ్లు పెద్దయెత్తున లండను మార్కెట్టుకు ఎగుమతి అయ్యాయి. పచ్చితోలుకు వ్యాపారి ధర కట్టడంతో అది ఊరి లందకు చేరకముందే పట్నపు తోళ్ల కార్ఖానాకు తరలింది. 1904లో ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ మద్రాసు రాష్ట్రపు తోలు పరిశ్రమపై ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆయన మద్రాసులో క్రోము లవణాలతో తోలును పదునుచేసే ప్రయోగాలు చేపట్టినప్పుడు, నీళ్లు తోడే మోటలకు ఎక్కువకాలం మన్నే తోలు అందించడం ముఖ్యోద్దేశాల్లో ఒకటి. తెలుగు పల్లెలో లందకు నిత్యం పని కల్పించిన వస్తువే కొత్త పద్ధతికి తొలి పరీక్ష అయింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల బూట్లకోసం దక్షిణ భారతపు తోళ్లను ప్రభుత్వమే కొనుగోలు చేసింది. 1919లో పచ్చితోళ్ల ఎగుమతిపై సుంకం విధించింది. ఈ నిర్ణయాల్లో ఊరి చర్మకారుడికి చోటు లేదు.

క్రోము తోలు త్వరగా తయారవుతుంది, నీటికి తట్టుకొంటుంది. కాని తడిపి అదిమితే చెక్కతో పదునుచేసిన తోలులా ఆకారాన్ని పట్టుకోదు. ఒర పనికి అవసరమైన గుణం దానిలో తక్కువ. లంద ఇల్లు వదలడంతో పనివాడు ముడిసరుకును కొనుక్కోవలసిన స్థితికి వచ్చాడు. తన పనికి తగిన తోలును తానే తయారుచేసుకొనే శక్తి క్రమంగా పోయింది. కుట్టడం మిగిలింది, పదును పోయింది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి సంచాలకులై, పరిశోధనను పల్లె వృత్తికారులకు చేర్చాలని వాదించారు. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ నెలకొంది. అప్పటికే కరెంటు మోటార్లు మోటను, రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులను పక్కకు నెడుతున్నాయి.

అధికార చిహ్నంగా తోలు పట్టీ

నడుముకు, భుజానికి తోలు పట్టీ ఎక్కడం రాజ్యాధికారంతో ముడిపడిన పరిణామం. పర్షియన్‌లో తోలు పట్టీ అనే అర్థమున్న ‘దువాల్’నుంచి వచ్చిన ‘డవాలు’, కచేరీ బంట్రోతు భుజంమీదుగా వేసుకొనే పట్టీకి పేరైంది. దానికి తగిలించిన ఇత్తడి బిళ్లవల్ల అతడు ‘బిళ్ల బంట్రోతు’ అయ్యాడు. మాటలోనే హోదా ఉంది.

పిస్తోలు ఒరతో కూడిన సైనిక బెల్టు చరిత్ర కూడా భారతదేశంతో ముడిపడినదే. సామ్యూల్ బ్రౌన్ అనే బ్రిటిష్ అధికారి 1858లో ఉత్తర భారతంలో జరిగిన పోరులో ఎడమచేతిని కోల్పోయాడు. ఎడమచేత్తో ఒర పట్టుకొని కుడిచేత్తో కత్తి దూయడం సాధ్యం కాకపోవడంతో, భుజంమీదుగా మరో వారు వేసి కత్తి ఒరను, పిస్తోలు ఒరను నడుముకు స్థిరంగా నిలిపే బెల్టును రూపొందించుకొన్నాడు. అతడి పేరనే అది సైన్యంలో వ్యాపించి, తరువాత పోలీసు అధికారుల యూనిఫారంలో చేరింది. అప్పటికే కాన్పూరులో ప్రభుత్వ కర్మాగారం జీనులు, కళ్లేలు తయారుచేస్తోంది. 1878 ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడాన్ని నిషేధించింది. ఆయుధం సామాన్యుడికి దూరమైనచోట దాని తొడుగుకు ఊళ్లో గిరాకీ ఉండదు. వస్తువు కర్మాగారంనుంచి, పేరు ఇంగ్లీషునుంచి వచ్చాయి. కుట్టగల చేతులు లేక కాదు. కొనేవాడు, కుట్టించేవాడు ప్రభుత్వమే కావడం దీనికి కారణం.

సాహిత్యంలో తోలుపని

13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. ఆ కథకు కేంద్రం అతడు శివుడికి సమర్పించిన అంబలి, అతడి భక్తి. కులం పేరులో వృత్తి సూచితమైనా, కథను నడిపేది వృత్తి కాదు. మౌఖిక సంప్రదాయంలోని జాంబ పురాణం దీనికి భిన్నం. ఆది జాంబవుడి వృత్తాంతంగా, కామధేనువు కథతో ముడిపెట్టి, అది తోలువృత్తివారి స్థితికి మూలాన్ని వివరిస్తుంది. తమను కిందికి నెట్టిన సమాజానికి సమాధానంగా తమ ప్రాచీనతను చాటుకొనే స్వరం అందులో ఉంది. 1941లో వెలువడిన జాషువ గబ్బిలంలో చెప్పులు కుట్టేవాడి శ్రమ దేశం తీర్చవలసిన రుణంగా మారుతుంది. భక్తుడిగా కనిపించిన చర్మకారుడు శ్రామికుడిగా, హక్కుదారుగా ఎదిగిన క్రమాన్ని ఈ మూడింటిలో గుర్తించవచ్చు.

ముగింపు

‘ఇంటి వృత్తి’ అనే మాట అన్ని సమాజాల్లోనూ ఒకే అర్థం ఇవ్వదు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తరువాత తోలుపని ఇళ్లలో ఇష్టంగా చేసుకొనే కాలక్షేపంగా వ్యాపించింది. 1919లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో మొదలైన టాండీ సంస్థ అలాంటివారికి పనిముట్లను, పదునుచేసిన తోలును అమ్మింది. అక్కడ ఇంట్లో బెల్టు, పిస్తోలు ఒర కుట్టుకొన్నవాడికి పనితనం గర్వకారణమైంది. తెలుగునాట అదే ఆరె, అదే కుట్టు ఊరికి దూరంగా నెట్టిన ఇంటికి గుర్తులయ్యాయి. తేడా పనిలో లేదు. పనిని ఎంచుకొనే హక్కులో ఉంది.

కాబట్టి ఈ వృత్తి అంతరించడాన్ని కేవలం నష్టంగా చూడలేం. లందనుంచి బడికి నడిచిన తరానికి అది విముక్తి. అయితే మనుషులు వృత్తిని వదలడం వేరు, వారి జ్ఞానాన్ని భాష వదులుకోవడం వేరు. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల కృషి, పనిచేసేవారి నోటినుంచే మాటను సేకరించాలనే పద్ధతిని తెలుగు పరిశోధనకు నేర్పింది. లంద, ఆరె, రంపె, పదును వంటి మాటలను ఆ పద్ధతిలో, పని దశలతో సహా, ఆ పని చేసిన పెద్దలనుంచి నమోదుచేయవలసి ఉంది. ఆరె అంటే తోలును గుచ్చే సాధనమని నిఘంటువు చెప్పగలదు. తోలు ఏ పదునులో ఉన్నప్పుడు గుచ్చాలో మాత్రం గుచ్చినవారే చెప్పగలరు.