పెరటి కోడిపిల్లల జాతి, లింగ నిర్ధారణ: కొనుగోలుకు ముందు తెలుసుకోవలసిన అంశాలు

పెరటి కోళ్ల పెంపకం గ్రామీణ మహిళలకు, సన్నకారు రైతులకు, వ్యవసాయ కూలీలకు అదనపు ఆదాయాన్ని, ఇంటిల్లిపాదికీ పౌష్టికాహారాన్ని సమకూర్చుతున్నది. అయితే గుడ్ల కోసం కొన్న పిల్లల్లో ఎక్కువ భాగం పుంజులుగా తేలడం, నాటురకమని నమ్మి కొన్నవి వేరొక రకంగా బయటపడడం పెంపకందారులకు నష్టం కలిగిస్తున్నది. నెలల తరబడి మేపిన తరువాత గాని ఈ పొరపాటు తెలియదు. కనుక పిల్లలను ఏ వయసులో, ఏ లక్షణాలను బట్టి గుర్తించవచ్చునో తెలిసి ఉండడం అవసరం.

రకాల గుర్తింపు

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా మాంసం, గుడ్లు రెండింటికీ, గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు ఉద్దేశించినవి. రెండూ సంకర రకాలు. రంగురంగుల ఈకలతో నాటుకోడిని పోలి ఉండే వనరాజాను ఒకరోజు వయసులో నూగు రంగును బట్టి నిర్ధారించడం సాధ్యం కాదు.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతానికి చెందిన కడక్‌నాథ్ పిల్లలు నలుపు లేదా నీలిఛాయ కలిగి, వీపుపై ముదురు చారలతో ఉంటాయి. పెరిగిన కోళ్ల చర్మం, మాంసం కూడా నల్లగా ఉంటాయి. తెలుగువారికి చిరపరిచితమైన అసీల్ జాతిని పొడవైన మెడ, దృఢమైన కాళ్లు, నిటారైన నిలకడ, చిన్న తురాయిని బట్టి గుర్తించవచ్చు. ఈ లక్షణాలు పిల్లలు ఎదిగిన కొద్దీ స్పష్టమవుతాయి. డేగ, కాకి, నెమలి, సేతు వంటి పేర్లు ఈకల రంగును తెలిపేవే గాని వేర్వేరు జాతులు కావు.

పుంజా, పెట్టా?

పక్షుల్లో పిల్ల లింగాన్ని నిర్ణయించేది తల్లి కణమే. పొదిగిన పిల్లల్లో పుంజులు, పెట్టలు సుమారు సగం సగం ఉంటాయి. కొద్ది సంఖ్యలో కొన్నప్పుడు ఈ నిష్పత్తిలో తేడా రావచ్చు.

ఒకరోజు పిల్లల గుదద్వారాన్ని పరిశీలించి లింగాన్ని గుర్తించే పద్ధతిని 1920వ దశకంలో జపాన్ శాస్త్రవేత్తలు వెలుగులోకి తెచ్చారు. దీనికి ప్రత్యేక శిక్షణ కావాలి. అనుభవం లేనివారు ప్రయత్నిస్తే పిల్లలు గాయపడతాయి. రెక్క ఈకల పొడవును లేదా నూగు రంగును బట్టి గుర్తించే పద్ధతులు అందుకోసమే ప్రత్యేకంగా జతపరచిన వాణిజ్య రకాలకు మాత్రమే వర్తిస్తాయి. సాధారణ నాటు పిల్లలకు వర్తించవు. గుడ్డు ఆకారాన్ని బట్టి, దారానికి కట్టిన సూది ఊగే తీరును బట్టి చెప్పే జోస్యాలను నమ్మి కొనుగోలు చేయరాదు.

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పుంజుల తురాయి, గడ్డం కింది తోలు త్వరగా పెరిగి ఎర్రబడతాయి. కాళ్లు లావెక్కుతాయి. పది, పన్నెండు వారాలు దాటాక మెడపైన, తోక మొదట్లోనూ పుంజులకు సన్నని, మొనదేలిన, మెరిసే ఈకలు వస్తాయి. పెట్టలకు అవే ఈకలు గుండ్రని కొనలతో ఉంటాయి. అసీల్‌లో రెండింటి తురాయీ చిన్నదే కనుక ఈకలను, కాళ్లను చూసి నిర్ధారించడం మేలు. పోలిక ఎప్పుడూ ఒకే రకం, ఒకే వయసు పిల్లల మధ్యనే జరగాలి.

రంగు వేసిన పిల్లలతో జాగ్రత్త

గుడ్ల కోళ్ల హ్యాచరీలకు పుంజు పిల్లలు అక్కరకు రావు. వీటికి రంగులు వేసి సంతల్లో, వీధుల్లో చౌకగా అమ్మడం కద్దు. ఇవి గుడ్లు పెట్టవు, మాంసానికీ త్వరగా ఎదగవు. నూగు రాలి కొత్త ఈకలు రాగానే అసలు రంగు బయటపడుతుంది.

కొనుగోలుదారులకు సూచనలు

• ప్రభుత్వ క్షేత్రాలు, పరిశోధన సంస్థలు లేదా నమ్మకమైన హ్యాచరీల నుంచే పిల్లలను కొనాలి.
• రకం పేరు, పొదిగిన తేదీ, సంఖ్య రాసిన రసీదు తీసుకోవాలి.
• లింగ నిర్ధారణ చేసినవా, కలగలుపు పిల్లలా అన్నది ముందే అడగాలి.
• మొదటి రోజు మారెక్స్ టీకా వేసినదీ లేనిదీ తెలుసుకుని, కొక్కెర తెగులు తదితర టీకాలను పశువైద్యుల సలహాపై వేయించాలి.
• సంకర రకాల గుడ్లను తిరిగి పొదిగిస్తే పిల్లల్లో అదే దిగుబడి రాదు.
• పొదిగించే గుడ్ల కోసం నాటుకోళ్లలో ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. తినే గుడ్లకు పుంజు అవసరమే లేదు.

లింగం స్పష్టమయ్యే పన్నెండు వారాల వరకు ఓపికపట్టి, ఆపై మిగులు పుంజులను అమ్మితే మేత ఖర్చు తగ్గి, పెట్టలపై పెట్టిన పెట్టుబడి ఫలిస్తుంది.