మన పేట దీపము – గోదావరి బొగ్గు

చిలకలగూడ చరిత్ర యనగానే రైలు స్టేషను, రైల్వే క్వార్టర్లు, వానితోపాటు పెరిగిన బస్తీలు స్ఫురించుట సహజము. ఆ రైలును నడిపినదేమి, మన యింటి దీపమును వెలిగించుచున్నదేమి యని విచారించినచో అది వేరొక చరిత్ర యగును. గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున దానిని సంగ్రహముగా పాఠకులకు నివేదించుచున్నాను.

1874 అక్టోబరులో వాడి నుండి సికింద్రాబాదు వరకు నిజాము రైలుమార్గము ప్రారంభమయ్యెను. అంతకు మూడేండ్లకు పూర్వమే, 1871లో, భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు యెల్లందు ప్రాంతమున రాక్షసిబొగ్గును కనుగొనియుండెను. 1886లో ఒక ఆంగ్ల కంపెనీ హక్కులు పొందగా, 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సమీపమునందలి సింగరేణి గ్రామము పేరే ఆ గనులకు స్థిరపడెను. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ నేటికిని ఆ పేరుననే యున్నది. 1893లో లాలాగూడ రైల్వే కర్మాగారము వెలయుటతో మన పరిసరములు ఆవిరి యింజనులకు నెలవాయెను.

ఆవిరి యింజను చూపునకు గంభీరమైనదే కాని మిక్కిలి దుబారాది. బొగ్గునందలి వేడిలో నూటికి పది పాళ్ళయినను చక్రమునకు చేరెడివి కావు. తక్కినదంతయు వృథా, మసియు బూడిదయు పరిసరవాసుల పాలు. ఆరవేసిన బట్టలపై నుసి వ్రాలుట రైల్వే బస్తీలలో వింత కాదు. యింజనులు పారబోసిన సగము కాలిన బొగ్గు నేరి కుంపట్లు రాజవేసికొనుటయు వింత కాదు. అన్నము వండిపెట్టినది, దగ్గు తెచ్చిపెట్టినది ఆ బొగ్గే.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొన్ననాటికి సామాన్య పాఠకునకు చమురు దీపమే గతి. 1920లో హుస్సేన్‌సాగరు గట్టున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసెను. అప్పుడు వెలుగును పొగయు రెండును నగరమునందే యుండెను. తరువాతి కాలమున పెద్ద కేంద్రములు గనుల చెంతకు చేరినవి. ఆవిరి యింజనులకు బదులు డీజిలు, విద్యుత్తు యింజనులు వచ్చినవి. సాగరుగట్టు కేంద్రపు కట్టడము 1995లో నేలమట్టమయ్యెను. వాహనముల పొగ పెరిగినను, బొగ్గుపొగ మాత్రము మన కంటికి కనుమరుగయ్యెను.

అది పోయినదని తలచుట పొరపాటు. అది తావు మార్చినది. రామగుండమున 1971లో 62.5 మెగావాట్ల కేంద్రము, ఆ తరువాత క్రమముగా 2600 మెగావాట్లకు పెరిగిన జాతీయ సంస్థ కేంద్రము వెలసినవి. ఒక యూనిట్టు విద్యుత్తునకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలవలెను. అందు దాదాపు మూడవ వంతు బూడిదయే మిగులును. సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు ఆకాశమున కలియును. ఆ బూడిదను నిలువచేయు తావులను బూడిద చెరువులందురు. చెరువన్న చల్లని మాట బూడిదకు చెల్లుట మన కాలపు చిత్రము! ఉపరితల గనులకై అడవులు తరిగినవి, ఊళ్ళు కదలినవి, మట్టిగుట్టలు లేచినవి. ఆ గనులే వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్నవనుటయు సత్యమే. కనుకనే ఈ సమస్య నిందతో తీరునది కాదు.

మార్పు మొదలు కాకపోలేదు. 2022లో రామగుండము జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. పాత 62.5 మెగావాట్ల కేంద్రము 2024లో మూతపడెను. ఆ యేటనే కొత్తగూడెమున పాత కేంద్రపు శీతలీకరణ గోపురములు ఎనిమిదింటిని కూల్చివేసిరి. అయినను కృష్ణాతీరమున దామరచర్ల చెంత 4000 మెగావాట్ల బొగ్గు కేంద్రము తలపెట్టబడి వెలసినది. ఒక చేత ఆర్పుచు వేరొక చేత రాజవేయుచున్నాము.

నూరు వాట్ల పాత బల్బు పది గంటలు వెలిగిన ఒక యూనిట్టగును. అదే యూనిట్టుతో పది వాట్ల నేటి దీపము నూరు గంటలు వెలుగును. మనము పుస్తకము మూసి లేచునపుడు దీపము నార్పుట పొదుపు మాత్రమే కాదు, గోదావరి తీరవాసులయెడ మర్యాద. ఈ పేటలో ఆవిరి యింజనులపై పనిచేసిన వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారి అనుభవములను అడిగి వ్రాసి యీ గ్రంథాలయమున భద్రపరచుట, రానున్న ఇరువదియైదేండ్లలో మనము చేయదగిన మొదటి పని.