మానిక నుంచి తక్కెడకు: ఓరుగల్లు వంటింటి కొలతలు

తెలుగునాట సరుకు పరిమాణాన్ని నిర్ణయించడానికి పూర్వం లెక్క, కొలత, తూకం అనే మూడు పద్ధతులు ఉండేవి. మామిడికాయ, నిమ్మకాయ, సీతాఫలం వంటివి లెక్కకు చెందినవి. నాలుగింటిని ఒక పుంజిగా ఎంచి, చివర కొసరు వేసి అమ్మేవారు. ధాన్యం, పప్పు, ఉప్పు వంటి జారే సరుకును పాత్రతో కొలిచేవారు. ముద్దకట్టే చింతపండు మాత్రం పాత్రలో ఎంత అదిమితే అంత పడుతుంది కనుక దానిని తక్కెడకే వదిలిపెట్టారు. చింతపండు మాటకు ముందు వీశె అనే తూకపు మాట చేరినంత సహజంగా మానిక అనే పాత్రకొలత చేరకపోవడానికి కారణం ఇదే.

కాకతీయుల కాలపు ఓరుగల్లు అంగడి సుంకాలను తెలిపే ఖాన్ సాహెబ్ తోట శాసనంలో ధాన్యాలతోపాటు కొబ్బరికాయలు, మామిడి, చింతపండు కూడా కనిపిస్తాయి. ధాన్యాన్ని కొలిచే పాత్రకొలతల వరుసలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. విత్తడానికి పట్టే గింజలనుబట్టి పొలాన్ని సైతం పుట్టి, తూము అని చెప్పుకున్నారంటే, ఈ కొలతలు జీవితంలోకి ఎంత లోతుగా పాకాయో తెలుస్తుంది. చిక్కల్లా ఊరూరికీ మానిక మారడం, అంచుకు చదును చేసిన కొలతకూ గోపురంగా పోసిన కొలతకూ తేడా రావడం.

సేరు అన్న మాటైతే పాత్రకూ తూకానికీ రెండింటికీ చెల్లింది. తూకపు సేరు 80 తులాలు, అంటే సుమారు 933 గ్రాములు. పాత్రసేరుతో పోసిన సరుకు బరువు మాత్రం ఆ సరుకునుబట్టి మారుతుంది. 1956లో పార్లమెంటు చేసిన తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1958 నుంచి దశలవారీగా అమలై, 1962 నాటికి అంగడిలో కిలోగ్రామును తప్పనిసరి చేసింది. ఆ చట్టం అంగడిని మార్చింది గాని, వంటింటి గిన్నెను ముట్టుకోలేదు.

పాత్రను తూకంలోకి మార్చేటప్పుడు ఏమి జరుగుతుందో మామిడికాయ తొక్కు స్పష్టంగా చూపుతుంది. నాలుగు గిన్నెల ముక్కలకు ఒక గిన్నె కారం, ముప్పాతిక గిన్నె మెత్తని ఉప్పు అనేది వాడుకలో ఉన్న ఒక పాళ్ల లెక్క. గిన్నె లీటరుదైతే, మధ్య ఖాళీలు ఉండే ముక్కలు నాలుగు లీటర్లకు సుమారు 2.7 కిలోలు, గాలి నిండిన కారం దాదాపు 450 గ్రాములు, బరువైన ఉప్పు సుమారు 900 గ్రాములు తూగుతాయి. అదే పాళ్లను నేరుగా తూకానికి వర్తింపజేస్తే కారం 675 గ్రాములకు పెరిగి, ఉప్పు సుమారు 500 గ్రాములకు తగ్గి, తొక్కు నోరు మండించడమే గాక బూజు పట్టే ప్రమాదంలో పడుతుంది. సోల, గిద్ద అని చెప్పిన పాత తరాల స్త్రీలు నిజానికి బరువు చెప్పలేదు, ఒకే పాత్రతో నిలిచే నిష్పత్తిని చెప్పారు. పాత్ర చిన్నదైనా పెద్దదైనా ఆ నిష్పత్తి చెడదు. ఇది అజ్ఞానం కాదు, పద్ధతి. అందువల్ల దానిని కిలోల్లో రాసిపెట్టదలచినవారు ఒకే గుణకంతో సరిపెట్టకుండా, ముక్కను, కారాన్ని, ఉప్పును వేరువేరుగా ఒక్కసారి తూచుకోవలసిందే.

కారంలోనూ రకం లెక్కలోకి వస్తుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి, ఎర్రని రంగు ఎక్కువా ఘాటు తక్కువా గల కాయ కావడంతో, ఘాటైన రకాలకు చెప్పిన పాళ్లు దానికి యథాతథంగా సరిపోవు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో క్వింటాళ్లలో తూగిన మిర్చి కిలోల లెక్కన ఇంటికి చేరి, ఎండి, దంచిన తర్వాత తొక్కు కలిపే వేళకు మళ్లీ గిన్నెలోకే వస్తుంది.